కొరమీను నోరెంత

కోసిగి మండలంలో ఒక చెరువు కట్ట, మధ్యాహ్నం మూడు గంటలు. చేపల పథకంలో కాంట్రాక్టు ఉద్యోగం చేసే నాగలత సంచి నిండా గాజు సీసాలతో రొప్పుకుంటూ వచ్చి, తూము పక్కన పాత వలకు అతుకులేసుకుంటున్న కావలి పుల్లయ్య ముందు కూలబడింది. ఇంకో గంటలో ఊళ్లో సొసైటీ మీటింగు. చెరువులో చేపలు మాయం చేసింది పుల్లయ్యేనని అక్కడ తేల్చబోతున్నారు. నాగలతకు ఒళ్లు మండిపోతోంది. పుల్లయ్య మాత్రం వల మీంచి తలెత్తడు.

“నిద్రపోయినానని ఎందుకు చెప్పినావు చిన్నాయనా? ముందు అది చెప్పు.”

“పోయినా గాబట్టి చెప్పినా మేడమ్.”

“ఎన్ని రాత్రులు?”

“మూడు.”

“వరసగానా?”

“వరసగానే అనుకోండి.”

“అనుకునేదేంది? పోయింటే పోయినట్ల, లేకుంటే లేదు. నీ దగ్గు వినపడని రాత్రి లేదని తూము కాడుండే విశ్వాసమ్మవ్వ నాతో చెప్పింది.”

“ఆయమ్మకు చెవుడు.”

“చెవుడుండే మనిషికే వినపడిందంటే!”

“ఎండన పడి వచ్చినారు. మజ్జిగ తాగుతారా? పాప చెంబు పెట్టి పోయింది.”

“నాకేం వద్దు. ప్రెసిడెంటు రామాంజి ఫోన్ చేసి ఏమన్నాడో తెల్సా? ‘దొంగ దొరికినాడు మేడమ్, మీరు రావల్సిన పని గూడా లేదు’ అన్నాడు. నువ్వు నిద్రపోయినానంటే వాళ్లు నమ్ముతారా? నువ్వే పట్టి అమ్ముకుని, నిద్ర అని కత చెప్తాండావని తీర్మానం రాసి పెట్టుకున్నారు. తెల్సా నీకు?”

“తెల్సు.”

“తెల్సి గూడా వల కుట్టుకుంటాండావు.”

“వల చినిగింది గదా మేడమ్.”

“అయ్యో దేవుడా! ఆ సూది పక్కన పెట్టు. పెట్టు చెప్తా. కావలి పని పోతాది. సొసైటీలో పేరు పోతాది. ఆ తర్వాత ఏం చేస్తావు?”

“ఏం జేస్తాం, గుంటూరుకు పోతాం. మిరపకాయలు తెంపేకి. ఊర్లో సగం ఇండ్లకు తాళాలే గదా, మాదొకటి.”

“మీ పాప హర్షిణి?”

“వస్తాది మాతో.”

“పదో తరగతి పరీక్షలు ఎప్పుడు?”

“మీకు తెల్దా?”

“నీ నోటితో చెప్పు.”

“మార్చిలో.”

“మిరప కోతలు?”

“అప్పుడే మేడమ్. ఇంగ ఆ మాట ఇడ్సండి. ఆయమ్మితో గూడా చెప్పలేదు నేను. పుస్తకాలకు అట్టలేసుకుంటాండాది.”

“ఇడ్సను. నేను వచ్చింది అందుకే. ఇట్ల చూడు, ఈ సీసా.”

“ఎబ్బా, ఏం గాటు!”

“ఫార్మలిన్. లోపలిది కుళ్లకుండా పోసేది. చేపపిల్లల్ని చెరువులో వదిలిన నాలుగో పొద్దు మనం వల వేసి కొరమీన్లు పట్టలేదూ? కొలతలకని? నువ్వే వేసినావు వల.”

“ఏసినా. ఎనిమిది పడినాయి.”

“ఆ ఎనిమిదిటి కడుపులు ఇవి. మా ఆఫీసు బీరువాలో మూడు నెలలు పడుండాయి. కూర్చుని చూసుకునేకి నాకు బల్ల ఇచ్చిందే మొన్న. నిన్న కోసి చూసినా.”

“ఏముండాది?”

“పిల్లలు. మనం వదిలిన పిల్లలే, బొచ్చె, రోహు. ఒక దాంట్లో ఏడు, ఒక దాంట్లో తొమ్మిది. ఇదిగో, ఈ సీసాలో దాని కడుపులో పద్నాలుగు!”

“అట్లనా.”

“అట్లనా ఏంది చిన్నాయనా! ఎగిరి గంతెయ్యల్ల నువ్వు! మొన్న వల వేస్తే పట్టుమని పది బొచ్చెలు పడలేదని గదా ఊరంతా నిన్ను దొంగ అంటాండేది? పిల్లల్ని మనుషులెవురూ ఎత్తకపోలేదు. వదిలిన వారంలోనే కొరమీన్లు తినేసినాయి. దొంగ ఈ సీసాలో ఉండాడు.”

“సీసా ఎత్తకపోయి మీటింగులో పెడితే నవ్వుతారు మేడమ్. ముక్కులు మూసుకుంటారు.”

“మూసుకోనీ. నేను చెప్తా వాళ్లకు. నీళ్లల్లో ఎవురు ఎవుర్ని తినేది ఒంటి సైజును బట్టే ఉంటాది. చేపకు చేతుల్లేవు. ముక్కలు చేసుకుని తినేది తెల్దు. నోట్లో పట్టిందా, మింగుతాది. పట్టలేదా, వదిలేస్తాది.”

“మా నాయన గూడా అదే...”

“ఏంది?”

“ఏం లేదు. మీరు చెప్పండి.”

“పాచిని తినేది నలుసంత పురుగు. నలుసును తినేది చేపపిల్ల. చేపపిల్లను తినేది ఆ నీటి పురుగు ఉంటాదే, ముందర రెండు కొక్కేలు పెట్టుకుని...”

“తేలు మాదిరిది.”

“ఆ, అదే. కొరమీను పిల్లగా ఉండేటప్పుడు ఆ పురుగు దాన్ని పట్టి పీల్చేస్తాది. అదే కొరమీను జానెడు పెరిగిందనుకో, ఆ పురుగుల్నే ఏరుకుని తింటాది. చెరువు అదే, ఆ రెండు ప్రాణాలూ అవే. రోంత ఒళ్లు వచ్చేసరికి తినేదెవురు, తినబడేదెవురు, అంతా తిరగబడె. నీటికాకి గూడా అంతే, దాని గొంతులో పట్టినంతే దానికి కూడు. ఇట్ల ఎవురికెవురు కూడు అనేది గీతలు గీస్కుంటా పోతే పెద్ద వల మాదిరి వస్తాది. ఆహారపు వల అంటారు మా పుస్తకాల్లో.”

“దానికీ వలేనా పేరు?”

“ఆ, వలే.”

“మా వలా అంతే గదా. కన్ను కంటే చిన్నది జారిపోతాది, పెద్దది పడతాది.”

“అదీ! ఆ మాట చెప్పు మీటింగులో! నేను గంట చెప్పేది నువ్వు ఒక్క మాటలో చెప్పినావు.”

“నేను మీటింగులో ఏం చెప్పను మేడమ్. చెప్పేది చెప్పేసినా.”

“నిద్రపోయినాననా?”

“ఆ.”

“నీతో మాట్లాడేకంటే ఈ తూముతో మాట్లాడింది మేలు. సరే, మాట్లాడొద్దు. నాకు ఒక్కటి చెప్పు, నాకే అర్థం కాలేదు. ఇంగో సీసాలో ఈ కొరమీను తల గూడా దాచినా, దీని నోరు కొలువు. ఈ స్కేలు పట్టుకో.”

“నాకు ఆ గీతలు తెల్దు.”

“నేనే కొలుస్తా. జానెడు చేప, నోరు పూర్తిగా తెరిస్తే ముప్పావు అంగుళం. ఎనిమిదిట్లో పెద్దదే ఇది. నాలుగేండ్లు చెరువు నిండక, గుంటలో బురదలో బతికిన చేపలు, యాడ పెరుగుతాయి. మనం వదిలింది నాలుగంగుళాల పిల్లలు. నాలుగంగుళాల బొచ్చెకు పొట్టే అంగుళం పైన ఉంటాది. ఈ నోట్లో పట్టదు.”

“పట్టకుంటే తినలేదనే గదా. అయితే మనుషులే ఎత్తకపోయింటారు. సరిపాయె.”

“సరిపాయె కాదు! కడుపులో ఉండాయి గదా, కండ్ల ముందర! చూడు, ఇది తల, ఇది తోక. ఎంతుండాది?”

“గోరంత.”

“గోరంత! అంగుళం గూడా లేదు.”

“ఆ మందు నీళ్లకు కుంచించుకపోయింటాది.”

“నాలుగంగుళాలది అంగుళానికా? ఏం, కొత్త బట్టనా అది?”

“నాకేం తెల్సు మేడమ్.”

“నీకు తెల్సు. నీ మొకం చూస్తే తెలుస్తాండాది. సంచుల్లో వచ్చిందే గోరంత పిల్లలు. బిల్లులో నాలుగంగుళాలు, రిజిస్టర్లో నాలుగంగుళాలు, సంచిలో గోరు. మధ్యలో ఎవుడో తిన్నాడు. పిల్లల్ని పెంచి అమ్మేవాడా? లారీవాడా? రామాంజినా?”

“రామాంజి మాటల మనిషే గాని అట్లాటోడు కాదు.”

“మరి ఎవురు? ఆ కొలత తప్పు రాయించినోడు ఎవుడైనా సరే, ఈ పొద్దు మీటింగులో పేరు పెట్టి చెప్తా. వాడి ఉద్యోగం పోయినా సరే. ఒక తప్పు కొలతకు ఒక ఇల్లు ఇల్లంతా మూటలు కట్టుకుని గుంటూరు పోవల్నా? ఆడపిల్ల బడి మానుకోవల్నా?”

“అంత మాట వద్దు మేడమ్.”

“ఎందుకొద్దు?”

“ఎవురికి ఏం కష్టమో.”

“నీ కష్టం కంటేనా! సరే, ఆ పొద్దు సంచులు విప్పింది ఎవురు?”

“అందరం.”

“ముందు ఎవురు?”

“ముందు పసుపు కుంకం పెట్టినారు. ఆపైన ఇంటికొక చెంబు గదా. ఏ ఇంటోళ్లు ఆ ఇంటి చెంబుతో, సొంత చేత్తో పోయల్ల. ఆ గుంపులో ఎవురు ముందో ఎవురు ఎనకో.”

“పోసేటప్పుడు చూడలేదా పిల్లలు ఎంతుండాయో?”

“నీళ్లల్లో ఎట్ల కనపడతాయి?”

“చెంబులో చూడొచ్చు గదా!”

“చెంబులో గూడా నీళ్లే గదా మేడమ్.”

“చిన్నాయనా, నన్ను ఏడిపించేకి కంకణం కట్టుకున్నావా?”

“అంత మాటలెందుకు. మీకు ఆ పొద్దు అసలే బాగలేదు. ఎండ తగిలి తల తిప్పుతాండె. షామియానా కింద కుర్చీ ఏస్తిమి. ప్రమీలమ్మ టెంకాయబొండం ఇచ్చె.”

“అవును. అయినా నా పని నేను చేసినా. పది పిల్లల్ని ఒక్కొక్కటే స్కేలు మీద పెట్టి కొలిచినా. నాలుగు, నాలుగుంబావు, ఒకటి అయిదు గూడా ఉండె. రాసుకుని సంతకం పెట్టినా. అది అబద్ధమెట్లయితాది?”

“అబద్ధమని ఎవురన్నారిప్పుడు?”

“ఈ సీసా అంటాండాది!”

“అయితే ఆ సీసాలు మూసేసి తీస్కపోండి. రిజిస్టరు గూడా మూసేయండి. నేను నిద్రపోయినా, ఎవురో వలేసుకుని పోయినారు. అంతే.”

“అంతే కాదు. నువ్వు ఎవుర్నో కాస్తాండావు. రామాంజి ఏమన్నా దుడ్లు ఇచ్చినాడా?”

“మేడమ్.”

“చెప్పు, ఇచ్చినాడా?”

“ఆ మాట ఇంగొకరంటే ఈ సూదితో పొడిచింటా. ఇరవై ఏండ్లాయె ఈ కట్ట మీద. ఒక్క పరక గూడా ఇంటికి ఎత్తకపోలేదు. సచ్చిన చేపను గూడా లెక్క చెప్పి పూడ్చినా.”

“తప్పే. నా నోరు జారింది. ఏమనుకోవద్దు.”

“మీరు కోపంలో అంటిరి. పర్వాలేదు.”

“కోపం కాదు, చేతగానితనం. నాలుగు గంటలకు నిన్ను దొంగ అంటారు, నా చేతిలో సాక్ష్యం ఉండాది, నువ్వు దాన్ని పెట్టనీవు. నేనేం చెయ్యల్ల?”

“ఏం జేయొద్దు. సాక్ష్యం గీక్ష్యం ఎందుకు? రెండో పొద్దు పొద్దున్నే నేనే చూస్తి, ఆ మూల నీళ్లు కుతకుత ఉడికినట్ల ఉండె, కొరమీన్లు ఎగిరెగిరి...”

“ఏమన్నావు?”

“ఏం లేదు.”

“చూసినావా నువ్వు?”

“ఈ దారం గూడా అయిపోయె మేడమ్.”

“కొరమీన్లు పిల్లల్ని తింటాంటే నీ కండ్లతో చూసినావా?”

“చూసినా.”

“మూడు నెలలు నోరు మూసుకుని ఉన్నావా! నిన్ను దొంగ అన్నప్పుడు గూడా!”

“అరవద్దు మేడమ్, కట్ట మీద మాట దూరం పోతాది.”

“పోనీ! అంటే పిల్లలు చిన్నవని నీకు ముందే తెల్సు.”

“చెంబులో చూస్తానే తెల్సు. ఊహ తెలిసినప్పటి నుంచి నీళ్ల మీద బతికినోణ్ణి. కొరమీను ఉండే చెరువులో గోరంత పిల్లను ఇడిస్తే ఏమైతాదో మీ సీసా చెప్పల్నా నాకు? చేపపిల్ల కొరమీను నోటి కంటే పెద్దదిగా ఉండల్ల అని మా నాయన నాకు వల పట్టకముందే చెప్పె. వేలెడుండేది తెచ్చి ఇడ్సల్ల, లేకుంటే ముందు కొరమీన్లను పట్టేసి ఇడ్సల్ల.”

“ఇంతసేపూ నేను చెప్తాంటే తల ఊపుతా విన్నావు.”

“బాగ చెప్తాంటిరి. అడ్డమెందుకని.”

“మరి ఆ పొద్దే ఎందుకు చెప్పలేదు, చిన్నాయనా?”

“ఎవురు ఇంటారు? నాలుగేండ్లకు నిండింది చెరువు. చెంబు చెంబులో లుకలుక కదుల్తాంటే ఆడోళ్లు, పిల్లోళ్లు ఒకటే కేకలు. చిన్నవైతే మాకు చెంబుకు యాభై వచ్చినాయి, పెద్దవైతే అయిదు గూడా రావని సంబరపడిరి. దానికితోడు మీరు గూడా అప్పటికే రాసేస్తిరి.”

“నేను రాసింది పెద్దవి గదా! అదే నా బాధ! నేను కొలిచిన పదీ నాలుగంగుళాలుంటే, పోసినవి గోరంత ఎట్లయితాయి? అవే సంచులు గదా?”

“అవే సంచులు.”

“మరి? ఎవురో బేసిన్‌లో తెచ్చి నా కాళ్ల కాడ పెట్టినారు. నేను తల గూడా ఎత్తలేదు. ఎవురు తెచ్చింది?”

“ఇప్పుడెందుకు మేడమ్, టైమైతాది. రామాంజి మైకు పెట్టిచ్చినట్లుండాడు, వినపడలేదా?”

“ఎవురు?”

“నేనే.”

“నువ్వా?”

“మీరే గదా అంటిరి, ‘చిన్నాయనా, కొలిచేకి ఒక పది చేపపిల్లలు తెచ్చియ్యి’ అని.”

“అన్నా. యాడివి తెచ్చినావు? ఏ సంచిలోవి?”

“అన్ని సంచుల్లోవి.”

“అన్ని సంచుల్లో చెయ్యి పెట్టినావా?”

“అన్నీ గాలించినా. అరగంట పట్టె.”

“పది పిల్లలకు అరగంటనా? ఎందుకు?”

“ఏం మాట మేడమ్! కడప నుంచి వచ్చిన బిడ్డ, మా చెరువు చేపలు చూస్తానంటే చేతికందినవి పారేస్తామా? బనగానపల్లె పండ్లు పది తెమ్మంటే మచ్చలుండేవి తెస్తామా ఇంటికొచ్చినోళ్లకు? ఏరితిని. మొత్తం సంచుల్లో కలిపి అంత పొడుగువి పదకొండే ఉండె. ఒకటి సచ్చిండె. పది మీకు తెస్తి.”

“పదకొండే...”

“మీరు కొలిచి, ‘శానా బాగుండాయి చిన్నాయనా’ అంటిరి. నాకు ఎంత సంబరమాయెనో. ఆపైన మీరు దాన్ని మొత్తం చెరువుకని రాస్తాండారని నాకేం తెల్సు?”

“పది చూసే గదా రాసేది. అదే పద్ధతి. చూడకుండా చెయ్యి పెట్టి, ఏది వస్తే అది పట్టుకోవల్ల. నేను లేచి నా చేత్తో పట్టుకోవల్ల. కుర్చీలో కూర్చుని తెమ్మంటి.”

“మీకు తల తిప్పుతాండె గదా.”

“తల తిప్పితే? సంతకం పెట్టినప్పుడు చెయ్యి బాగనే ఉండె గదా. పిల్లల్ని అమ్మినోడు మోసం చేసినాడు, నేను దాని మీద ముద్ర వేసినా. కొలత తప్పు రాసింది నేనే. పేరు పెట్టి చెప్తానంటినే, ఆ పేరు నాదే.”

“తప్పు మీదెట్లయితాది? ఏరింది నా చెయ్యి.”

“ఇది మా సారుకు తెలిస్తే రేపటికి ఉండను నేను ఉద్యోగంలో.”

“అవును. ఈ నెల్లోనే గదా మీకు కాంట్రాక్టు మల్ల రాసేది.”

“నీకెట్ల తెల్సు?”

“మీరే చెప్తిరి, మా ఇంట్లో కొర్రన్నం తింటా. తమ్మునికి ఫీజు కట్టేది మీ జీతంతోనే అని, ఈసారి పోతే ఇంగ రాదని. మా పాప గూడా ఇనె. ఆ పొద్దు నుంచి ‘అక్క మాదిరి సదువుకుంటా’ అని ఒకటే పాట.”

“ఈ పది చేపల సంగతి ఇంకెవురికి తెల్సు చిన్నాయనా?”

“ఎవురికీ తెల్దు. తెలియకూడదనే గదా మేడమ్, నిద్రపోయినానని చెప్పింది.”